నంబరు లేని గొట్టం మీద నేను రాసిన రిపోర్టు

"ఇది ఏ దేశం గొట్టమో చెప్పు మస్తానూ" అంటూ సెకండ్‌హ్యాండ్ రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళలో సగంమందికి నా జవాబు అక్కర్లేదు. ఇంగ్లండుదని నా నోటితో అనిపించుకుని పోదామని వచ్చేవాళ్ళు. కాదంటే మొహం మాడ్చుకుని, "సరేలే, జగ్గయ్యపేటలో ఇంకొకాయన్ని అడుగుతాం" అనేవాళ్ళు. ఆ ఇంకొకాయన ఎవరో నాకు ఈ రోజుకీ తెలీదు. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఈ చుట్టుపక్కల మా షాపుకి తప్ప ఎవరికీ ఉండేది కాదు.

షాపు నందిగామ బజార్లో. మా మేనమామ హుస్సేన్ సాయిబు పెట్టింది. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పోయాక నేను నడిపా. డెబ్భైలూ ఎనభైలూ గొట్టాన్ని బిగించి పట్టే ఆ వైసు ముందు నిలబడే గడిచిపోయాయి. ఈ మధ్య మా చెల్లెలి మనవరాలు నేరాల ల్యాబులో ఉద్యోగానికి చదువుతూ, "తాతయ్యా, ముద్రలు లేని గొట్టాల్ని మీరెలా పోల్చేవాళ్ళో రాసిపెట్టండి" అని నా ప్రాణం తీస్తోంది. అందుకని రాస్తున్నా. లైసెన్సు రెన్యువళ్ళూ రిజిస్టర్లూ వదిలేస్తున్నా. వాటివల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు.

గొట్టం చూడ్డం

రైఫిల్ గొట్టం తయారయ్యాక మామూలుకంటే బలమైన తూటా పెట్టి పేల్చి చూస్తారు. పగలకుండా నిలబడితే ముద్ర కొడతారు. పక్కనే కంపెనీ పేరూ, నంబరూ ఉంటాయి. అవన్నీ ఉంటే మాకు పనే లేదు. లేకపోతేనే తంటా. గుండు గిర్రున తిరుగుతూ పోవడానికి గొట్టం లోపల మెలికలుగా గాడులు చెక్కి ఉంటాయి. అవెన్ని, కుడికి తిరిగాయా ఎడమకా, ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరిగాయి, ఇవి చూస్తే ఏ రకం గొట్టమో చాలావరకు తెలుస్తుంది. మెత్తటి సీసం ముక్కని లోపల నెమ్మదిగా తోసుకుంటూ వెళ్తే ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ వదులైందో చేతికే తెలుస్తుంది. తర్వాత కిటికీ వెలుగుకి పెట్టి లోపలికి చూడాలి. కిటికీ అంచు నీడ గొట్టంలో సూటిగా దిగాలి. ఎక్కడైనా నల్లటి ఉంగరంలాగా కనిపించిందంటే అక్కడ గొట్టం ఉబ్బినట్టే. ఇక దాన్ని పేల్చకూడదు.

చెప్పడానికి ఇంతే. విననివాళ్ళతోనే నా బతుకు తెల్లారింది.

పెనుగంచిప్రోలు వైపు ఒక ఆసామీ రైఫిల్ కొన్నాడు. కుమ్మరి పురుగు దాని మూతిలో మట్టిగూడు కట్టింది. ఈయన చూసుకోకుండా పేల్చాడు. మూతికి నాలుగు వేళ్ళ కింద ఉబ్బు. నేను ఉంగరం చూపిస్తే, "అది నీ కంట్లో మచ్చేమో చూసుకోవయ్యా" అన్నాడు. నా కంట్లో మచ్చంట! పైగా, "ఎంత బరువుందో చూడు, ఇంత బరువైన గొట్టం పగులుద్దా?" అని వాదన. "రోకలి కూడా బరువేనండీ, పేల్చండి చూద్దాం" అన్నా. నెత్తీ నోరూ బాదుకుంటే ఆర్నెల్లకి గొట్టం మార్పించుకున్నాడు. అదీ నా మాట మీద కాదు, వాళ్ళావిడ ఏడుస్తుంటే.

కోదాడ వైపు నుంచి ఇంకొకాయన గొట్టం ఒక్కటే గోనెసంచిలో చుట్టుకొచ్చాడు. "గొట్టం కొనేసానండి, మిగతాది మీరు బిగించండి" అన్నాడు. లైసెన్సేదయ్యా అంటే, "ముందు తుపాకీ ఉంటేగా లైసెన్సు అడిగేది" అని నాకే చెప్పాడు. సంచీతో సహా స్టేషనుకి పంపించా. ఇలాంటివాళ్ళ గురించి రాయాలంటే కాగితాలు చాలవు.

మా మామ మాత్రం ఎవరిమీదా విసుక్కునేవాడు కాదు. ఆ ఓపిక నాకు రాలేదు. గొట్టం నా చేతికిచ్చి, "నీకు కనిపించింది చెప్పు. జరిగింది చెప్పకు, నువ్వు అక్కడ లేవు" అనేవాడు. తుప్పు ఉందంటే సరే. వానలో వదిలేసారు మామా అన్నానా, నెత్తిన మొట్టేవాడు. అప్పట్లో ఇదేం చాదస్తంరా బాబూ అనుకునేవాణ్ణి.

రాఘవయ్యగారి రైఫిల్

డెబ్భైల చివర్లో సంగతి. వినాయకచవితి వెళ్ళిన వారం చిల్లకల్లు నుంచి రాఘవయ్యగారని ఒక రైతు, కీసర నుంచి ఇంకొకాయనా కలిసి వచ్చారు. రాఘవయ్యగారికి అరవై దగ్గరపడ్డాయి. కంట్లో శుక్లాలొచ్చి గురి కుదరడం లేదని, చేలో పందుల కోసం ఇరవయ్యేళ్ళ కిందట కొన్న రైఫిల్ని కీసర ఆయనకి అమ్ముతున్నాడు. కొనేముందు గొట్టం చూపించుకుందామని వచ్చారు.

లైసెన్సు పుస్తకంలో నంబరుంది. గొట్టం మీద ఆ నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. నున్నగా, అద్దంలా ఉంది. కంపెనీ పేరు లేదు, ముద్ర లేదు. వేలు పెట్టి ఆయనకి చూపించా.

"ఇక్కడుండాల్సిన నంబరేదండీ?"

ఆయన వంగి చూసాడు. చాలాసేపు చూసాడు. తల ఎత్తలేదు.

"దీన్ని ఎవరు తుడుస్తారు మీ ఇంట్లో?" అన్నా.

"నేనేనయ్యా. ఇంకెవరూ ముట్టుకోరు." ఆ మాట నా మొహం చూసి చెప్పలేదు, గోడ చూసి చెప్పాడు. అబద్ధమని నాకు వెంటనే తెలిసిపోయింది. ఏ అబద్ధమో తెలిసిందనుకున్నా, అదే నా కొంప ముంచింది.

నంబరు లేని ఆయుధం వస్తే పోలీసులకి చెప్పి తీరాలని మా లైసెన్సులో షరతుంది. చెప్పా. అందులో తప్పు లేదు. ఆ సర్కిల్‌కి అప్పుడే కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు షాపుకొచ్చి రైఫిల్ చూసి, "నంబరు లేదని నాకూ కనిపిస్తోందయ్యా. ఎలా పోయిందో రాసివ్వు" అన్నారు. అప్పటికి చుట్టుపక్కల నా పేరు బాగా మోగుతోంది. కళ్ళు నెత్తికెక్కిన రోజులు. నాకు తెలీదని ఎలా అంటాను?

ఒక పేజీ రాసా. "నంబరును ఆకురాయితో తీసివేసి, ఆ గీతలు కనబడకుండా సన్నని ఎమరీ కాగితంతో మెరుగు పెట్టినారు. ఇది పనితనం తెలిసినవాడు చేసిన పని" అని. మా మామ ఉంటే ఆ కాగితం నా నోట్లో కుక్కేవాడు. ఇన్‌స్పెక్టరుగారు మాత్రం రెండుసార్లు చదువుకుని, "భలే రాసావయ్యా" అని టీ తెప్పించారు. నేను ఆ టీ తాగా కూడా.

నా పేజీ పట్టుకుని కేసు కట్టారు. అసలు రైఫిల్ ఎవరికో ఇచ్చేసి, దొంగ రైఫిల్ మీద నంబరు చెరిపి తన లైసెన్సులో నడుపుతున్నాడని నేరం. రాఘవయ్యగారిని సబ్ జైలుకి పంపారు. బెయిలు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ నా పేజీ చదివి వినిపించి కొట్టేసారు. మూడేళ్ళు పడొచ్చని వాళ్ళ వకీలు చెప్పాడంట. రైఫిల్‌కి సీలు వేసి, హైదరాబాదు ల్యాబుకి పంపేదాకా మా షాపు ఇనప బీరువాలోనే ఉంచమన్నారు.

దసరాకి రెండ్రోజుల ముందు

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నా. ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డమూట.

"మస్తానుగారి షాపు ఇదేనా బాబూ? మాది చిల్లకల్లు. రాఘవయ్యగారి ఇంటిదాన్ని."

తిట్టడానికొచ్చిందనుకున్నా. ఆవిడ పేరు సీతారావమ్మ. ఆవిడకి నా రిపోర్టు సంగతే తెలీదు. ఎవరో పెద్ద నిపుణుడు రాసాడని మాత్రం వకీలు చెప్పాడంట. తుపాకీ నా బీరువాలో ఉందని తెలుసుకుని బస్సెక్కి వచ్చింది.

"పండక్కి ఒక్కసారి తుపాకీ ఇప్పించండి బాబూ. పూజ చేసుకుని ఇచ్చేస్తా."

"అమ్మా, అది కేసులో ఉంది. సీలు వేసారు. మీరు కాదుగదా, నేనే ముట్టుకోకూడదు."

"బయటికి తీసుకెళ్ళను. ఇక్కడే, మీ కళ్ళముందే తోముకుంటా. కొన్నకాడి నుంచి ఒక్క దసరా తప్పలేదు. ఈ ఏడు తప్పితే ఆయన ఇంటికి రారేమోనని భయంగా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. మొగుడు జైల్లో ఉంటే ఈవిడ తుపాకీ తోముతానంటుందేంటి! "ఏంటమ్మా మీ గోల? వకీలు దగ్గరికి వెళ్ళాల్సింది పోయి..." అని కసిరా. కసిరాక గానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు.

"మీరు తోముతారా? ఆయనే తుడుచుకుంటానన్నారే?"

"ఆయనకేం చేతనవుద్ది బాబూ! ఇంత నూనె రాసి వదిలేస్తారు. ప్రతి దసరాకీ పసుపూ కుంకం నేనే పెడతా. పైన నగిషీ గీతలుండేయి చూడండి, వాటిల్లో కుంకం ఇరుక్కుపోయేది. చింతపండుకి పోదు. ఇటిక పొడికి పోదు. మళ్ళీ ఏడుకి నల్లగా మురికి పట్టి అసయ్యంగా కనిపించేది. పూజలో పెట్టే వస్తువు అలా ఉంటే ఎట్టా? ఏడాదికింతని దీంతో రుద్దీ రుద్దీ వదలగొట్టా. ఇప్పుడు సుబ్బరంగా ఉంటంది."

మూట విప్పింది. పసుపు, కుంకం, చింతపండు ఉండ. వాటి పక్కన ఇటిక ముక్క. ఆ ముక్క ఒక వైపు లోతుగా గాడి పడిపోయింది. రాఘవయ్యగారి గొట్టమంత లావుదే ఒకటి మా అల్మారాలో ఉంటే తీసి ఆ గాడిలో పెట్టా. అచ్చు గుద్దినట్టు కూర్చుంది.

పనితనం తెలిసినవాడట! ఆకురాయట, ఎమరీ కాగితమట! ఇరవయ్యేళ్ళు ఒక ఇల్లాలు భక్తిగా తోమితే, నేను దాన్ని దొంగతనం కింద రాసి టీ తాగా. ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. అవి నంబర్లని ఆవిడకెవరూ చెప్పలేదు. కేసంతా నంబరు గురించేనని తెలిసినా, తను రుద్దిన నగిషీకీ దానికీ సంబంధముందని ఆవిడకి తట్టనేలేదు.

"ఇవన్నీ ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా. పండగ రోజు బీరువాకి బొట్టు పెట్టిస్తా" అన్నా.

"మీరు సాయిబులు గదా, మీకు ఇబ్బందేమో?"

"పక్కషాపు ఆచారిగారు ఏటా మా వైసుకి పెట్టి పోతారమ్మా. దీనికీ పెడతారు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆచారిగారిని మర్చిపోవద్దని చెప్పమని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

జైల్లో మాట

మర్నాడు పొద్దున్నే సబ్ జైలుకి వెళ్ళా. రాఘవయ్యగారు గెడ్డం మాసిపోయి, సగం మనిషైపోయాడు.

"మీ ఇంట్లో ఆవిడ నిన్న మా షాపుకొచ్చింది. ఇటిక ముక్క తెచ్చింది" అన్నా.

"దానికి తెలిసిందా?" అన్నాడు.

"తెలీదు. అంటే మీకు ముందే తెలుసా?"

"నువ్వు వేలు పెట్టి చూపించినప్పుడే తెలిసిందయ్యా."

"మరి చెప్పి చావొచ్చుగా!" అని అరిచా. జైలు వార్డరు మా వైపు చూసాడు.

"ఎట్టా చెబుతా? లైసెన్సు నా పేరు మీదుంది. ఇంకొకళ్ళ చేతికివ్వకూడదని అందులోనే రాసుంది. చెబితే దాన్ని స్టేషనుకి పిలుస్తారు, బోనెక్కిస్తారు. అది జగ్గయ్యపేట కూడా ఒంటరిగా పోయిన మనిషి కాదు. నిన్న నందిగామ ఎట్టా వచ్చిందో దేవుడికే తెలియాలి." గొంతు తగ్గించాడు. "అదంతా అట్టా పెట్టు మస్తానూ. తన చేత్తోనే నన్ను జైలుకి పంపానని తెలిస్తే అది బతకదు. మూడేళ్ళేగా, ఉంటాలే. దానికి మాత్రం చెప్పనని మాటియ్యి."

మూడేళ్ళేగా అంట! ఆ మనిషిని ఊచల్లోంచి చెయ్యి పెట్టి చెంప పగలగొట్టాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. మాటిచ్చా. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు కాబట్టే ఇదంతా రాస్తున్నా.

రెండు స్క్రూలు

చెప్పకుండా ఆయన్ని బయటికి తేవడమెలా? బస్సులో కూర్చుని ఆలోచిస్తుంటే అప్పుడు వెలిగింది. చాలా కంపెనీలు నంబరుని గొట్టం అడుగున, పిడి చెక్క మూసేసే చోట కూడా కొడతాయి. ఇది నాకు తెలీని విషయం కాదు. మా మామ మొదటి నెలలోనే నేర్పాడు. మరి ఎందుకు చూళ్ళేదంటారా? పసుపూ నూనే కలిసి గట్టిపడి స్క్రూల తలలు పూడుకుపోయాయి. వాటిని గోకి తీసి విప్పాలంటే అరగంట పని. నంబరు చెరిపిన సంగతి కంటికి కనిపిస్తోంటే ఇంకా చెక్క విప్పడం దేనికి అనుకున్నా. అరగంట బద్ధకానికి ఒక మనిషి నెలరోజులు జైల్లో కూర్చున్నాడు. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. మిగతావన్నీ పుస్తకాల్లో ఉంటాయి.

ఇన్‌స్పెక్టరుగారి కాళ్ళా వేళ్ళా పడ్డా. ఆయన కోర్టు అనుమతి తెప్పించి, ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టి సీలు తీయించారు. స్క్రూలు విప్పి చెక్క ఎత్తా. నంబరు నిక్షేపంలా ఉంది. లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరే. పక్కనే కంపెనీ ముద్ర కూడా ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు నంబరుని మూడుసార్లు పోల్చుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మరి ఆకురాయేదయ్యా?"

"ఆకురాయి లేదు సార్. పైన ఉన్నది తోమి తోమి అరిగిపోయింది. నేను పొరబడ్డా."

"అరిగిందా? పేజీ నిండా రాసావు కదయ్యా! పనితనం తెలిసినవాడి పని అని!"

"ఆ మాటా తప్పే సార్."

"ఎవరు తోమారు?"

"వాడే ఇంట్లో వస్తువు సార్. అరుగుద్ది."

ఆయన నన్ను ఎగాదిగా చూసారు. ఇంకేం అడగలేదు. మొదటి రిపోర్టు తప్పని, చెక్క కింద నంబరు నాకు కనిపించిందని, అంతవరకే రాయించుకుని సంతకం తీసుకున్నారు. కేసు తీయించిందీ ఆయనే, ఆ మాట చెప్పాలి. రెండేళ్ళపాటు ఏ తుపాకీ మీదా నా అభిప్రాయం అడక్కుండా ఉన్నదీ ఆయనే. అందులో తప్పు పట్టడానికేం లేదు.

ఇటిక ముక్క సంగతి ఆ కాగితంలో నేను రాయలేదు. తెలిసింది రాయకుండా దాచడం మా వృత్తిలో తప్పే. మా మనవరాలికి నేను ఆ పని చెయ్యమని చెప్పను. నేను మాత్రం మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తా.

షాపు మెట్ల మీద

రాఘవయ్యగారు బయటికొచ్చిన వారానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ షాపుకొచ్చారు. ఆవిడ ఒక సంచిలోంచి రెండు సొరకాయలు తీసి బల్ల మీద పెట్టింది. గిన్నెలో పూర్ణాలు తెచ్చింది.

"మీరే విడిపించారంటగా బాబూ. మీ కడుపు చల్లగుండాలి" అని దణ్ణం పెట్టింది. నేను తల వంచుకుని నిలబడ్డా. ఆ దణ్ణం తీసుకున్నంత నీచంగా నాకెప్పుడూ అనిపించలేదు.

అంతటితో వెళ్ళిపోతారనుకున్నా. ఆవిడ వెళ్ళలేదు. "మరి ఆ నంబరు చెరిపినోడు దొరికాడా బాబూ?" అంది. "వాడి చేతులు పడిపోను. వాడెవడోగానీ, ఈ వయసులో ఈయన్ని జైలుకూడు తినిపించాడు. దొరక్కపోతే చెప్పండి, నేనే వాకబు చేస్తా. ఊళ్ళో అందర్నీ అడుగుతా."

వెనకాల రాఘవయ్యగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. నా వైపే చూస్తున్నాడు. ఈవిడ ఊరంతా అడిగితే ఎవడో ఒకడు, నంబరంటే తుపాకీ మీదుండే ఆ గీతలేనమ్మా అని చెప్పకుండా ఉండడు.

"ఎవర్నీ అడగక్కర్లేదమ్మా. చెరిపినవాడు ఎవడూ లేడు" అన్నా. "ఉన్న నంబరు చూడకుండా, దొంగతనం చేసారని రాసిన వెధవ ఒకడున్నాడు. వాణ్ణి నేనే."

ఆవిడకి అర్థమవడానికి కాసేపు పట్టింది.

"నువ్వా?" అంది. బాబూ పోయింది, మీరూ పోయింది. ఇక మొదలుపెట్టింది. నా చేతులు పడిపోవాలంది, నా కళ్ళు పోవాలంది, నా పెళ్ళాం బిడ్డలకీ ఈ గతి పడితే తెలుస్తుందంది. బజారంతా వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఆచారిగారు కూడా పని ఆపి వచ్చి నిలబడ్డాడు. పూర్ణాల గిన్నె ఎత్తుకుంది. సొరకాయలు రెండూ ఒక్కొక్కటే తీసి మళ్ళీ సంచిలో వేసుకుంది. నేనూ ఆపలేదు. రాఘవయ్యగారూ ఆపలేదు.

ఆవిడ విసవిసా దిగి వెళ్ళిపోయాక ఆయన ఒక్క క్షణం ఆగాడు. చుట్టూ జనముండగా ఏం మాట్లాడతాడు? నా రెండు చేతులూ పట్టుకుని గట్టిగా నొక్కి, ఆవిడ వెనకాల బస్సుకి పరిగెత్తాడు.

తర్వాత ఎప్పుడు చిల్లకల్లు నుంచి ఎవరు తుపాకీ తెచ్చినా, "నువ్వేగా, రాఘవయ్యగారి మీద అబద్ధం రాసింది?" అని అడిగాకే బల్ల మీద పెట్టేవాళ్ళు. నేనేనండీ అని చెప్పి, ముందు చెక్క విప్పేవాణ్ణి.